డబ్బు పుచ్చుకోవడానికి పిన్ అక్కరలేదు

ఉదయగిరి: నర్ది, బిక్కి కర్రతో గరిటెలు, చెంచాలు చెక్కే ఉదయగిరి పనివారికి ఒకప్పుడు బేరమంతా ఎదురెదురుగానే జరిగేది. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ సరుకుకు ఇప్పుడు ముఖమెరుగని కొనుగోలుదారు ఫోనులోనే ఆర్డరు ఇవ్వవచ్చు, అడ్వాన్సూ ఫోనులోనే పంపవచ్చు. ఆత్మకూరులోనూ టీ బంకు మొదలు ఎరువుల దుకాణం వరకు క్యూఆర్ కోడ్ అట్టలు వెలిశాయి. 2016లో మొదలైన యూపీఐ చిల్లర బాధ తప్పించింది. దానివెంట కొత్తరకం దొంగా వచ్చాడు. వీడు తాళం పగలగొట్టడు, యజమాని చేతనే తీయిస్తాడు.

'మిలిటరీ' బేరం

దేశంలో అనేకచోట్ల చిన్న వర్తకులను ముంచిన ఎత్తు ఒకటున్నది. సైనికాధికారినంటూ ఒకడు ఫోను చేస్తాడు. ధర దగ్గర పేచీ పెట్టడు, పెద్ద ఆర్డరు చెబుతాడు. నమ్మకం కోసం గుర్తింపు కార్డు ఫొటో పంపుతాడు. ఆ వెనుక ఒక క్యూఆర్ కోడ్ పంపి, "స్కాన్ చేసి పిన్ కొట్టండి, అడ్వాన్సు మీ ఖాతాలో పడుతుంది" అంటాడు. పిన్ కొట్టగానే రావలసిన డబ్బు రాకపోగా ఉన్నది పోతుంది. "పొరపాటైంది, మళ్లీ కొట్టండి, రెండూ కలిపి వాపసు చేస్తాను" అంటే రెండవసారీ పోతుంది.

పిన్ కొట్టేది డబ్బు పంపడానికి, నిల్వ చూసుకోవడానికి. పుచ్చుకోవడానికి పిన్ అక్కరలేదు, స్కాన్ చేయనూ అక్కరలేదు. ఈ ఒక్క మాట తెలిసినవారి వద్ద ఆ ఎత్తు పారదు.

గల్లాపెట్టె వద్ద

రద్దీ వేళ "డబ్బు కొట్టాను, చూడండి" అని ఫోను చూపి వెళ్లిపోయేవారున్నారు. చెల్లించినట్లు బొమ్మ చూపే నకిలీ యాప్‌లు ఉన్నందున, ఎదుటివారి ఫోను తెర రసీదు కాదు. సొంత ఫోనులో ఖాతా చూసుకోవాలి, లేదా సౌండ్ బాక్స్ పలకాలి. సిగ్నల్ ఉండి ఇంటర్నెట్ అందనిచోట, బ్యాంకులో నమోదైన నంబరు నుంచి *99# కొట్టి నిల్వ తెలుసుకోవచ్చు.

క్యూఆర్ అట్టపై రాత్రివేళ వేరొకరి కాగితం అంటించిపోయే మోసమూ ఉన్నది. ఉదయం దుకాణం తెరవగానే ఒకసారి స్కాన్ చేసి, ఎవరి పేరు వస్తున్నదో చూసుకోవడం మంచిది.

పెళ్లి శుభలేఖ, ప్రభుత్వ పథకం, ట్రాఫిక్ చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చే 'ఏపీకే' ఫైలును ముట్టుకోరాదు. అది ఫోనులో చేరితే ఓటీపీలు దొంగచేతికి పోగలవు. పంపింది బంధువే అయినా, అతని ఫోను అప్పటికే దొంగ వశమై ఉండవచ్చు.

జాప్యమే ముప్పు

డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930కి ఫోను చేయాలి. వెంటనే బ్యాంకుకూ చెప్పాలి. పోయిన సొమ్ము నిమిషాలలో ఖాతా నుంచి ఖాతాకు మారుతుంది. ఏదో ఒక ఖాతాలో ఉండగానే పట్టుకుంటే నిలిపివేసే అవకాశమున్నది. ఖాతాదారు స్వయంగా పిన్ చెప్పి నష్టపోయినా, బ్యాంకుకు తెలిపిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదేనని రిజర్వు బ్యాంకు 2017 జులైలో నిర్దేశించింది. నలుగురిలో చులకన అవుతామని దాచుకుంటే దొంగకే లాభం.

ఫోనే పోతే ముందు సిమ్ కార్డును, యూపీఐని ఆపించాలి. పోలీసులకు ఫిర్యాదు చేసి, 'సంచార్ సాథీ' ద్వారా ఫోను పనిచేయకుండా చేయించవచ్చు. ఇందుకు ఐఎంఈఐ నంబరు కావాలి. ఫోను చేతిలో ఉండగానే *#06# కొట్టి ఆ నంబరును ఖాతా పుస్తకంలో రాసిపెట్టుకోవాలి. దానిపక్కనే బ్యాంకు నంబరు, 1930 కూడా రాసుకుంటే, ఆపద వేళ వెతుకులాట తప్పుతుంది.