కొండ ఎక్కేవాళ్ళకు శాలువా చాలదు

ఎండలు ముదిరాయంటే మనవాళ్ళకి కొండలు గుర్తొస్తాయి. కేదార్‌నాథ్ గుడి తలుపులు తీసేది ఏప్రిల్ చివర్లోనో మే నెలలోనో అయినా, ఇక్కడ ఇళ్ళల్లో హడావుడి నెల ముందునుంచే మొదలవుతుంది. ఎవరు ఎక్కడికి బయల్దేరినా సర్దేది మాత్రం ఇల్లాలే కదా! ఆయనకి స్వెట్టరూ మంకీ క్యాపూ, పిల్లలకి జర్కిన్లూ, అత్తగారికి ఉన్ని మేజోళ్ళూ... అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుతుంది. తన దగ్గరికొచ్చేసరికి "నాకేముందిలే, శాలువా ఉందిగా" అనేస్తుంది. పదహారు కిలోమీటర్లు కొండ ఎక్కే మనిషికి ఆ శాలువా ఏపాటి అక్కరకొస్తుందో కాస్త మాట్లాడుకుందాం.

నడక మొదలయ్యే గౌరీకుండ్ సముద్రమట్టానికి దాదాపు 1,980 మీటర్ల ఎత్తున ఉంది. కేదార్‌నాథ్ 3,583 మీటర్లు. వెయ్యి మీటర్లు పైకి పోతే సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. అంటే ఒక్క పగటి నడకలోనే పది డిగ్రీల తేడా. దానికి తోడు పొద్దున ఫెళ్ళున ఎండ కాసి, మధ్యాహ్నానికి వాన పట్టుకోవడం అక్కడ మామూలే. 2013 జూన్ వరదల్లో పాత బాట చాలామేర కొట్టుకుపోయాక వేసిన కొత్త బాట ఇంకాస్త పొడుగు కూడాను.

నూలు బట్ట గుణమే దోషం

మనకి నూలు బట్ట ఇంటి బిడ్డలాంటిది. మండుటెండలో ఒంటిమీది చెమటను పీల్చుకుని, అది ఆరుతుంటే ఒళ్ళు చల్లబరుస్తుంది. వైశాఖ మాసంలో అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి తిరుమల చేరేవాళ్ళకి వదులుగా ఉన్న పల్చని నూలు కుర్తాని మించింది లేదు. నల్లమలలో నడిచినా అంతే. చేతులు నిండుగా ఉంటే ఎండ కూడా కాల్చదు.

చలి కొండ మీద ఆ గుణమే దోషమవుతుంది. నూలు చెమటని తాగుతుంది గానీ తొందరగా వదలదు. తడి బట్ట ఒంటికి అంటుకుని ఉంటే ఒంట్లో వేడి ఊరికే పోతుంటుంది. నిశ్చలంగా ఉన్న గాలికంటే నీరు దాదాపు పాతిక రెట్లు తొందరగా వేడిని లాగేస్తుంది మరి. ఎక్కుతున్నంతసేపూ తెలీదు. టీ తాగుదామని ఆగుతామా, అయిదు నిమిషాల్లో వీపు మంచుగడ్డలా అయిపోతుంది.

ఇక్కడ మన ఆడవాళ్ళకి మాత్రమే తెలిసిన సంగతి ఒకటుంది. పైన ఎంత మంచి చొక్కా వేసినా లోపల నూలు బ్రా తడిసిందంటే గుండెల మీద గంటలకొద్దీ చెమ్మ ఆరదు. ఆటలాడేవాళ్ళు వేసుకునే పాలియెస్టర్ రకాలు తొందరగా ఆరతాయి. మారు జత ఒకటి చేతిసంచిలోనే ఉంచుకోవాలి, గుర్రం మీద వెళ్ళే పెద్ద సంచిలో కాదు. జీన్సు ప్యాంటు నడకకి మహా బాగుంటుందనుకుంటారు పిల్లలు. అదీ నూలే. తడిస్తే బరువు, ఆరదు, తొడలు ఒరుసుకుంటాయి.

లోపల ఒకటి, నడుమ ఒకటి, పైన ఒకటి

ఒంటిని అంటి ఉండేది చెమటని బయటికి పంపేదై ఉండాలి. పాలియెస్టర్ దారం నీటిని దాదాపు పీల్చుకోదు కాబట్టి ఆటల టీషర్టులు ఈ పనికి చక్కగా సరిపోతాయి, ఖరీదూ తక్కువే. సాయంత్రానికి వాసనొస్తాయి, ఆ బాధ తప్పదు. పల్చని మెరీనో ఉన్నివి వాసన రావు గానీ, ధర చూస్తే గుండె గుభేలుమంటుంది! "థర్మల్స్" అని అమ్మేవన్నీ ఒకటి కావు. మన బజార్లలో దొరికేవాటిలో నూలువీ, నూలు కలిసినవీ చాలా ఉంటాయి. రాత్రి గదిలో పడుకోవడానికి అవి హాయి. నడకకి మాత్రం చీటీ చదివి కొనాలి.

నడిమి పొర పని వెచ్చగా ఉంచడం. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా చెమ్మ పీల్చుకున్నా తడిసినట్టు అనిపించదు, వెచ్చదనమూ చాలావరకు నిలుపుకుంటుంది. ఉన్ని అని అమ్మే స్వెట్టర్లలో అక్రిలిక్ ఎక్కువ. ఫరవాలేదు, అదీ త్వరగానే ఆరుతుంది. 1979లో అమెరికాలో మొదలైన ఫ్లీస్ బట్ట కూడా పాలియెస్టరే. మెత్తగా, తేలిగ్గా ఉంటుంది, నూగులో గాలిని పట్టి ఉంచుతుంది. చలిగాలి మాత్రం అందులోంచి దూరిపోతుంది. ఏది కొన్నా ముందు జిప్పో గుండీలో ఉన్నదే తీసుకోండి. జడ, కళ్ళజోడు, మెడలో గొలుసులు... వీటన్నిటి మీదుగా తలలోంచి తీసే స్వెట్టరుని దారిలో విప్పడానికి బద్ధకిస్తాం. శీతాకాలంలో మన ఊళ్ళల్లో టిబెట్ వాళ్ళు స్వెట్టర్ల దుకాణాలు పెడతారు చూడండి, మే నెల ప్రయాణానికి అప్పుడే కొనిపెట్టుకోవాలి. ఎండాకాలంలో వెతికితే దొరకవు.

పై పొర గాలినీ వాననీ ఆపాలి. దారిలో అమ్మే పల్చని ప్లాస్టిక్ కోట్లు గాలికి చిరుగుతాయి. లోపల చెమట ఆవిరై నీళ్ళు కారతాయి కూడా. చేతులున్న వానకోటు, స్వెట్టరు మీద పట్టేంత వదులుది, టోపీ ఉన్నదైతే మంచిది. చంకల కింద జిప్పులున్నవి దొరికితే వదలకండి.

ఒక్క మందపాటి కోటు కంటే పల్చని పొరలు మేలన్న సంగతి కొత్తదేం కాదు. 1924లో ఎవరెస్టు మీద కనిపించకుండా పోయిన జార్జ్ మల్లరీ ఒంటిమీద పట్టు, ఉన్ని వంటి పల్చని దుస్తులు ఒకదానిమీదొకటి ఉన్నాయని 1999లో మృతదేహం దొరికినప్పుడు బయటపడింది. అలాంటివే మళ్ళీ కుట్టించి 2006లో ఎవరెస్టు దగ్గర తొడుక్కుని చూస్తే, తేలిగ్గా ఉండి చలికీ బాగానే ఆగాయట.

విప్పడమూ తెలియాలి

అన్నీ కొని అన్నీ ఒకేసారి తొడుక్కుని బయల్దేరితే డబ్బు దండగే. నడక మొదలుపెట్టేటప్పుడు కాస్త చలిగా అనిపించాలి. పావుగంటలో ఒళ్ళు వేడెక్కుతుంది. చెమట పట్టకముందే స్వెట్టరు విప్పాలి, ఆగిన మరుక్షణం తొడుక్కోవాలి. చెప్పడానికి తేలికే గానీ, ముందు నడిచే మగవాళ్ళు వెనక్కి తిరిగి "ఇంకా ఎంతసేపు?" అంటుంటే సంచి విప్పే ధైర్యం ఎందరికుంటుంది? ఆగాలి. ఆ రెండు నిమిషాలు వాళ్ళు ఆగితే కొండేమీ కదిలిపోదు.

లించోలీ దాటాక చిన్న పాక కింద ఒక పెద్దావిడ కనిపించారు మాకు. భీమవరం వైపు మనిషి. నూలు చీర మోకాళ్ళదాకా తడిసి ఉంది. శాలువా సగం వానకి తడిసింది, మిగతా సగం మనవడికి కప్పారు. "బాగానే ఉన్నానమ్మా" అంటున్నారు, మాట ముద్దముద్దగా వస్తోంది. "పిన్నిగారూ, ముందు తడి జాకెట్టు తీసెయ్యండి" అని చుట్టూ దుప్పటి పట్టుకుని నిలబడ్డాం. వాళ్ళ కోడలి పొడి టీషర్టు, నా స్వెట్టరు తొడిగి, తీపిగా టీ పట్టించాం. గంటకి మామూలయ్యారు.

ఆగని వణుకు, తడబడే నడక, ముద్దగా మాట, ఏమడిగినా విసుగు... ఇవి ఒళ్ళు చల్లబడుతోందనడానికి గుర్తులు. డాక్టర్లు హైపోథెర్మియా అంటారు. వణుకు ఆగిపోయి మనిషి మత్తుగా ఉంటే తగ్గిందనుకోకండి, అది మరీ ప్రమాదం. తడి బట్టలు తీసి, పొడివి తొడిగి, గాలి తగలకుండా కప్పి, దగ్గర్లోని వైద్య శిబిరానికి చేర్చాలి. చేతులూ కాళ్ళూ గట్టిగా రుద్దకూడదు. తెలివిగా ఉండి మింగగలిగితేనే వేడిగా ఏమైనా పట్టాలి.

చీర తప్ప వేరేది కట్టనని పట్టుబట్టే పెద్దవాళ్ళుంటే వాదించకండి. నూలుది కాక సింథటిక్ చీర, రెండంగుళాలు పైకి కట్టి, లోపల పాలియెస్టర్ లెగ్గింగు, పైన పొడుగు చేతుల స్వెట్టరు. దర్శనానికి మంచి చీర పాలిథిన్ సంచిలో చుట్టిపెట్టి పైన మార్చుకోవచ్చు. పంజాబీ డ్రెస్సు అయితే మోకాళ్ళు దాటని కుర్తా, పక్క చీలికలున్నది, కింద వెడల్పు లేని ప్యాంటు. చున్నీ మెడలో వేలాడదీస్తే గుర్రాల జీనుకీ, పక్కవాళ్ళ కర్రకీ చిక్కుకుంటుంది. ఇంట్లో వదిలెయ్యడం ఇష్టం లేకపోతే తలకి చుట్టుకోండి.

కొన్నాక ఒక పని చెయ్యండి. ప్రయాణానికి పదిరోజుల ముందు అన్నీ తొడుక్కుని, సంచి భుజాన వేసుకుని, అపార్ట్‌మెంటు మెట్లు పదిసార్లు ఎక్కి దిగండి. చంకల్లో పట్టేసే చొక్కా, సంచి పట్టీ కింద కుట్టు ఒరుసుకునే చొక్కా ఏదో అప్పుడే తెలుస్తుంది. దాన్ని బీరువాలోనే ఉంచి వెళ్ళండి.