వెబ్‌సైట్ పెట్టాం సరే... కనబడేదెలా?

అమెరికాలో మనవాళ్లు పదిమంది చేరిన ఊళ్లో ఓ తెలుగు సంఘం పుడుతుంది. ఏడాది తిరిగేలోగా దానికో వెబ్‌సైట్ కూడా పుడుతుంది. తెలుగు బడి పెట్టినా, ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మినా, కూచిపూడి క్లాసులు మొదలెట్టినా అంతే. పేరు రిజిస్టర్ చేయిస్తాం, డబ్బు కడతాం, పండగ పూట స్టేజీ మీద ప్రారంభోత్సవం చేసి చప్పట్లు కొడతాం. ఆ తర్వాత చాలా సైట్ల సంగతి కమిటీ సభ్యులకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

"కావాల్సినవాళ్లు మనల్ని అడుగుతారుగా!" అనుకుంటాం. మనం తెలిసినవాళ్లయితే అడుగుతారు. ఫోన్ చేస్తారు, వాట్సాప్ గ్రూపులో ఓ మాట వేస్తారు. కానీ నిన్నగాక మొన్న ఆ ఊరొచ్చిన కుటుంబం ఎవర్ని అడుగుతుంది? కూతురి పురుడు పోయడానికి వచ్చిన అత్తగారికి ఒంట్లో బాగాలేక, తెలుగు వచ్చిన డాక్టరు కోసం చూసే అల్లుడున్నాడు. ఇంట్లో మనిషి పోతే, కర్మ చేయించే పురోహితుడి కోసం అర్ధరాత్రి కంప్యూటర్ ముందు కూర్చునే కొడుకున్నాడు. తెలిసినవాళ్లు ఉన్నవాళ్లు ఫోన్ చేస్తారు. ఎవరూ తెలియనివాళ్లు సెర్చ్ ఇంజన్‌లో వెతుకుతారు. సంఘం అవసరం ఎక్కువగా ఉన్నది ఈ రెండోవాళ్లకే. మన సైటు కనబడాల్సిందీ వాళ్లకే.

అసలు ఎలా వెతుకుతుంది?

మనం నాలుగు మాటలు కొట్టగానే సెర్చ్ ఇంజన్ అప్పటికప్పుడు లోకమంతా తిరిగి రాదు. ఆ తిరుగుడు ముందే అయిపోయి ఉంటుంది. 'క్రాలర్' అనే ప్రోగ్రాం లింకులు పట్టుకుని ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళుతూ, ఏ మాట ఏ పేజీలో ఉందో రాసిపెట్టుకుంటుంది. పుస్తకం చివర అక్షరక్రమంలో ఉండే పదసూచిక లాంటిదన్నమాట. మనం వెతికేది ఆ సూచికలోనే. అందులోకి ఎక్కని పేజీ ఎంత బాగున్నా లేనట్టే లెక్క.

ఇక ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది. 1994లో మొదలైన యాహూ డైరెక్టరీలో మనుషులే సైట్లు చూసి వర్గాలుగా పేర్చేవారు. 1998లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్‌ను పెట్టినప్పుడు తెచ్చిన కిటుకు వేరు. ఒక పేజీకి ఎవరెవరు లింకులిచ్చారు, ఆ ఇచ్చినవాళ్ల పరపతి ఎంత అని లెక్కేశారు. ఊళ్లో ఎవరి గొప్ప వాళ్లు చెప్పుకుంటే వింటామా? నలుగురు పెద్దమనుషులు చెబితే వింటాం. ఇదీ అలాంటిదే. యాహూ డైరెక్టరీ 2014 చివర్లో మూతపడింది. గూగుల్ ఇప్పుడు ఇంకా ఎన్నో సంగతులు కలిపి చూస్తున్నా, నలుగురి మాటకు విలువ అలాగే ఉంది.

బొమ్మలో ఇరుక్కున్న తెలుగు

మన సైట్లలో ఎక్కువగా కనబడే జబ్బు ఫ్లయర్. ఉగాది వేడుక ఎప్పుడు, ఏ స్కూల్ ఆడిటోరియంలో, టికెట్ ఎంత అన్నదంతా రంగురంగుల బొమ్మలో ఉంటుంది. పేజీలో విడిగా ఒక్క వాక్యం ఉండదు. నేటి యంత్రాలు బొమ్మలోని అక్షరాలను కొంతవరకు చదవగలవు గానీ, దాన్ని నమ్ముకుంటే కష్టం. బొమ్మ పెట్టండి, వద్దనడంలేదు. దాని కిందే తేదీ, చోటు, సమయం మామూలు అక్షరాల్లో రాయండి. చూపు సరిగా లేక కంప్యూటర్‌తో చదివించుకునేవాళ్లకూ అది మేలు.

పాత సైట్లకు ఇంకో చిక్కుంది. 2000 తొలి సంవత్సరాల్లో ఒక్కో తెలుగు సైటుకు ఒక్కో సొంత ఫాంట్ ఉండేది. తెరమీద తెలుగు కనబడినా, లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే. ఫాంట్ లేకపోతే మనకు పిచ్చిగీతలు, సెర్చ్ ఇంజన్‌కు ఎప్పుడూ పిచ్చిగీతలే. యూనికోడ్‌లో తెలుగుకు స్థానం 1991లోనే దొరికింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ రావడం, పోతన, వేమన ఫాంట్లు, లేఖిని లాంటి పనిముట్లు అందుబాటులోకి రావడంతో అది మామూలు జనానికి చేరింది. 1998లో అమెరికా తెలుగువాళ్లు మొదలెట్టిన 'ఈమాట' పత్రిక తన పాత సంచికలను కూడా యూనికోడ్‌లోకి మార్చుకుంది. అందుకే ఆనాటి కథ ఇవాళ వెతికినా దొరుకుతుంది. మీ సంఘం పాత సావనీర్లు, వ్యాసాలు ఇంకా పాత ఫాంట్లలోనే ఉంటే, వాటిని మార్చే పని ఈ వేసవిలో పిల్లలకు అప్పజెప్పొచ్చు.

వాళ్లు కొట్టే మాట మన పేజీలో ఉందా?

సంఘం పేరు మనకు గొప్ప. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు ఆ పేరు తెలియదు. వాళ్లు కొట్టేది 'తెలుగు క్లాసులు', 'తెలుగు పురోహితుడు', పక్కనే ఊరి పేరు. మరి మన మొదటి పేజీ శీర్షిక చూస్తే 'వెల్‌కమ్' అనో 'హోమ్' అనో ఉంటుంది! సెర్చ్ ఫలితాల్లో నీలిరంగులో సాధారణంగా కనబడేది ఆ శీర్షికే. సంఘం పేరు, ఊరు, చేసే పని అందులో ఉండాలి. చుట్టుపక్కల ఏయే ఊళ్లవాళ్లు వస్తుంటారో పేజీలో రాయాలి.

స్పెల్లింగ్ సంగతీ అంతే. గోంగూరను ఇంగ్లీషులో 'యు' ఒకటి పెట్టి రాసేవాళ్లున్నారు, 'ఓ'లు రెండు పెట్టి రాసేవాళ్లున్నారు. మనం ఆవకాయ అంటాం, పక్కింటి గుజరాతీ ఆవిడ మ్యాంగో పికిల్ అంటుంది. కాబట్టి వస్తువు పేరు తెలుగు లిపిలోనూ, ఇంగ్లీషులోనూ, వివరణతో సహా రాయాలి. అలాగని ఒకే మాట యాభైసార్లు రాస్తే మొదటికే మోసం.

దుకాణం, క్యాటరింగ్, డాన్స్ స్కూల్ లాంటివి నడిపేవాళ్లు గూగుల్ మ్యాప్స్‌లో పేరు నమోదు చేసుకోవాలి. 2021 నుంచి దాన్ని 'గూగుల్ బిజినెస్ ప్రొఫైల్' అంటున్నారు. పైసా ఖర్చు లేదు. అయితే అక్కడి ఫోన్ నంబరు, వేళలు, మీ సైటులోవి ఒకటే ఉండాలి. పండగ రోజు మూసేస్తే ఆ ముక్కా పెట్టాలి.

'మొదటి పేజీ గ్యారంటీ' బాబులు

సైటు పెట్టిన వారంలోనే ఫోన్లు మొదలవుతాయి. "నెలకు ఇంత కట్టండి, మిమ్మల్ని నంబర్ వన్‌లో కూర్చోబెడతాం" అని. మొదటి స్థానం గ్యారంటీ అని ఎవరూ చెప్పలేరని గూగులే తన సలహాల్లో రాసింది. డబ్బు కట్టి కొనుక్కోగలిగేది ప్రకటన ఒక్కటే. దానిమీద ప్రకటన అని గుర్తు కూడా ఉంటుంది.

అడ్డదారులకు కాలం చెల్లి చాలా రోజులైంది. తెల్లకాగితం మీద తెల్లక్షరాలతో మాటలు దాచడం, లింకులు కొనడం లాంటివి ఒకప్పుడు నడిచాయి. 2006 ఫిబ్రవరిలో జర్మనీలో బీఎండబ్ల్యూ సైటు, మనుషులకు ఒక పేజీ, సెర్చ్ ఇంజన్‌కు ఇంకో పేజీ చూపించిందని గూగుల్ దాన్ని జాబితాలోంచి తీసేసింది. సరిదిద్దుకున్నాకే మళ్లీ చేర్చింది. 'కీవర్డ్స్' ట్యాగును ర్యాంకింగ్‌కు వాడటం లేదని 2009లో ప్రకటించింది. 2012 ఏప్రిల్‌లో వచ్చిన 'పెంగ్విన్' మార్పుతో, కొన్న లింకులు మేలు చెయ్యకపోగా కీడు చెయ్యడం మొదలైంది. కాబట్టి పక్క ఊరి సంఘాన్ని, గుడిని, తెలుగు బడిని, లైబ్రరీని ఓ లింకు ఇమ్మని అడగండి. మనమూ ఇద్దాం. నిజమైన పరిచయాలే ఇక్కడ పనికొస్తాయి.

ఈ వారాంతంలో చేయాల్సింది

ముందు సైటు సూచికలో ఉందో లేదో చూడండి. గూగుల్‌లో ఇంగ్లీషులో 'సైట్' అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ సైటు చిరునామా ఇవ్వండి. పేజీలు రాకపోతే ఎక్కడో అడ్డుందని అనుమానించాలి. వర్డ్‌ప్రెస్‌తో కట్టిన సైటైతే సెట్టింగ్స్‌లో 'రీడింగ్' కింద సెర్చ్ ఇంజన్లను రావద్దనే గడి ఒకటుంటుంది. కట్టేటప్పుడు టిక్కు పెట్టి, తర్వాత తీయడం మర్చిపోతుంటారు. ఉచితంగా దొరికే 'సెర్చ్ కన్సోల్'లో సైటును నమోదు చేస్తే, జనం ఏయే మాటలు కొట్టి మీదాకా వచ్చారో కూడా తెలుస్తుంది.

కబుర్లన్నీ వాట్సాప్‌లోనే పెట్టేస్తే సరిపోదు. ఆ గ్రూపులోకి సెర్చ్ ఇంజన్ రాలేదు, బయటివాళ్లూ రాలేరు. 2024 మే నుంచి అమెరికాలో గూగుల్ చాలా ప్రశ్నలకు పైనే కృత్రిమ మేధతో జవాబు రాసి ఇస్తోంది. అది కూడా చదివేది బయటికి కనబడే పేజీలనే. పాత ఫోన్ నంబరు మీ సైటులో ఉండిపోతే, రేపు అదే జవాబుగా వచ్చినా ఆశ్చర్యం లేదు.

చివరగా ఓ పరీక్ష. మీ సంఘంతో సంబంధంలేని ఓ మిత్రుడి ఫోన్ తీసుకోండి. మన ఫోన్లో అయితే మనం రోజూ చూసే సైటును అది ముందుకు తెచ్చే వీలుంది. సంఘం పేరు కొట్టకుండా, 'తెలుగు పురోహితుడు' అని, మీ ఊరి పేరు కొట్టండి. తర్వాత ఇంగ్లీషులోనూ కొట్టండి. మీ సైటు వస్తే, అందులో ఉన్న నంబరుకు ఫోన్ చేసి ఎవరైనా ఎత్తుతారేమో కూడా చూడండి. రాకపోతే వచ్చే కమిటీ మీటింగులో దీపావళి మెనూ కంటే ముందు ఈ విషయం మాట్లాడుకుందాం.