ధర్మనిధిని కూర్చు విధము

కరువు మన యెర్రగుంట్ల సీమకు క్రొత్తది కాదు. వాన తప్పిన యేట తోడి రైతు నాదుకొనవలెనను దయ మనవారియందు లేకపోలేదు. లోపమెల్ల ఆ దయను సకాలమున సొమ్ముగా మార్చు పద్ధతియందే యున్నది. అందును గూర్చి సోదర సభ్యులకు కొన్ని మాటలు మనవి చేయుచున్నాము.

1866వ సంవత్సరపు కరువునందు ఉయ్యాలవాడ వాస్తవ్యులగు బుడ్డా వెంగళరెడ్డిగారు తమ గాదెలు తెరపించి, ఆకలిగొని వచ్చిన వేలాది జనమునకు అన్నము పెట్టించిరి. అట్టి మహాదాతలు ఊరూర నుండరు. ఎంతటి గాదెయైనను ఒక్కరిదైనచో నెన్నడో అడుగంటక మానదు.

పిమ్మట 1876-78లో ధాత కరువు వచ్చెను. కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలు మిక్కిలి చెడెను. 1877 ఆగస్టులో చెన్నపట్టణమున సభ జరిపి లండను మేయరునకు తంతి నంపగా, అచట సహాయనిధి తెరవబడెను. ధనికులే గాక కూలివారు సైతము చందాలిచ్చిరి. ఆ నిధినుండి రైతులకు ఎద్దులు, విత్తనములు కొనుటకును, ఇండ్లు బాగుచేసికొనుటకును ధన మొసగిరి. సొమ్ము దేనికో తెలిసిన చోట ఇచ్చువారు వెనుదీయరు.

అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. 1952లో రాయలసీమ క్షామమునకై నందమూరి తారక రామారావుగారు మొదలగు నటులు ఊరూర తిరిగి విరాళములు కూర్చిరి. కావున కరపత్రము లంటించి యూరకుండిన చాలదు, ఇల్లిల్లు తిరుగవలెను.

ఇక మనము చేయదగినవి:

మొదటిది, కాలము. చందా నడుగవలసినది ఎండకాలమున గాదు, శనగలు, జొన్నలు కళ్ళమున నున్నప్పుడు. మేరలు కొలిచిన యాచారము మనకు క్రొత్త గాదు. సంచికి దోసెడు చొప్పున ఎల్లరు నిచ్చినచో ఎవ్వరికిని బరువు గాదు.

రెండవది, లెక్క. ప్రతి గింజకు రసీదు, ఇద్దరి చేవ్రాలు, బ్యాంకులో వేరు ఖాతా ఉండవలెను. జమాఖర్చులు సభలో బిగ్గరగా చదువవలెను. లెక్క తెలియని నిధికి రెండవయేట చందా రాదు.

మూడవది, సంఘపు లాభము. 1912వ సంవత్సరపు సహకార చట్టము, నికర లాభములో నాలుగవ వంతు రిజర్వు నిధికి చేర్చిన పిమ్మట, మిగిలినదానిలో నూటికి పదికి మించకుండ రిజిస్ట్రారు అనుమతితో ధర్మకార్యములకు వినియోగింప నిచ్చెను. నేడు అమలులోనున్న చట్టమును, మన ఉపనిబంధనలను చూచి తీర్మానము చేసికొనవలెను.

మేత లేక సంతకు తోలిన యెద్దు మరల కాడికి రాదు. అది పోయిన పిమ్మట నిచ్చు నూరు రూపాయలకంటె, పోకమున్ను ఇచ్చు మోపెడు చొప్ప మేలు. కాన రాబోవు మహాజనసభలో ఈ విషయమును చర్చింపవలెనని ప్రార్థించుచున్నాము.