జపాను పట్టులో కొడవలి కోత

వరంగల్: ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు ఆత్మరక్షణ కోసం కరాటే నేర్పించడం ఇక్కడి పల్లెలకు కొత్త కాదు. పిల్లలు ‘మాయె గెరి’ అని అరుస్తూ కాలు విసురుతుంటే ఇదేం భాషో అని ఇంట్లో పెద్దలు నవ్వుకోవడం కద్దు. అయితే ఆ జపాను పేర్లలో ఉన్నవి చాలావరకు మనమెరిగిన పనులే.

‘మాయె’ అంటే ముందు, ‘కెరి’ అంటే తన్ను. రెండూ కలిసినప్పుడు ‘క’ కాస్తా ‘గ’ అవుతుంది. మన గసడదవాదేశ సంధి వంటిదే అక్కడా ఉంది. ‘నెకో అషి దాచి’ అంటే పిల్లికాలి నిలకడ. బరువంతా వెనక కాలిపై ఉంచి, ముందు కాలి వేళ్లు మాత్రం నేలకు ఆనించాలి.

1882లో టోక్యోలో జిగోరో కానో నెలకొల్పిన జూడోలో పేర్లు రైతుకు మరీ దగ్గర. ‘ఒసోతో గరి’లో ‘గరి’ అంటే కోత. వరి కుదురును ఒక చేత్తో పట్టి, మొదట్లో కొడవలి వేసినట్టే, ప్రత్యర్థి పైభాగాన్ని చేతులతో వెనక్కి వంచి, బరువు మోపిన కాలిని వెనక నుంచి కాలితో కోసేయాలి. ‘హరాయి’ అంటే ఊడ్పు. అడుగు ఇంకా నేలపై కుదురుకోకముందే పక్కకు ఊడ్చేయాలి. నాటుకున్నదానికి కొడవలి, తేలికగా ఉన్నదానికి చీపురు. ఈ తేడా తెలియక నిలదొక్కుకున్న కాలిని ఊడ్చబోతే, ఊడ్చినవారే తూలుతారు.

‘కెసా గతామె’ పట్టులోని ‘కెసా’ మన ‘కాషాయం’ నుంచి వచ్చిందే. బౌద్ధంతో చైనా మీదుగా జపాను చేరిన మాట. భిక్షువు వస్త్రం భుజం మీదుగా ఏటవాలుగా పడినట్టు, కింద పడినవాడి ఛాతీపై ఏటవాలుగా ఒరిగి అదిమిపట్టడమే ఆ పట్టు.

మన తాలింఖానాల కుస్తీలోనూ ఇదే పద్ధతి. చాకలి బట్టను బండపై బాదినట్టు భుజం మీదుగా ఎత్తి వేస్తే అది ‘ధోబీ పాట్’. వదలని పట్టయితే ఉడుంపట్టు.

అసలు ‘కరాటే’ పేరుకే ఓ కథ ఉంది. ఒకినావా దీవిలో దీన్ని ‘చీనా చేయి’ అనే అర్థం వచ్చేలా రాసేవారు. చైనాతో వైరం ముదురుతున్న రోజుల్లో, 1936లో నాహా పట్టణంలో గురువులు సమావేశమై ‘వట్టి చేయి’ అనే అర్థమిచ్చే అక్షరాన్ని ఖాయం చేశారు. పలకడం మాత్రం మారలేదు.

పేరును బట్టీ పట్టిన పిల్లకు అది అరుపుగానే మిగులుతుంది. అర్థం తెలిసిన పిల్లకు కాలు ఎప్పుడు, ఎటు కదపాలో పేరే చెబుతుంది. ఆపదలో ఆ ఎరుకే అక్కరకు వస్తుంది. కనుక శిక్షకులు ప్రతి పేరుకూ తెలుగులో అర్థం చెప్పడం, పిల్లలు అడిగి తెలుసుకోవడం మేలు.