విద్వద్గోష్ఠి

సంగీతవిద్యకు గురుముఖమే శరణ్యమని పెద్దలు చెప్పుదురు. అది సత్యమే. అయినను ఒక్క గురువుకడనే నేర్చిన విద్యార్థికి తన గురువు పాడినదే రాగమనియు, తక్కినవారు పాడునది దోషమనియు తోచుట సహజము. ఈ సంకుచితభావమును తొలగించునది విద్వద్గోష్ఠి. పాఠము ఎట్లు పాడవలెనో నేర్పును. గోష్ఠి ఏల అట్లు పాడవలెనో తెలుపును.

ఒక ఉదాహరణము. భైరవి యిరువదవ మేళమైన నఠభైరవికి జన్యము. ఆ మేళమునకు చెందినది శుద్ధధైవతము. కాని ఆరోహణమున విద్వాంసులు చతుశ్శ్రుతి ధైవతమును పలికింతురు. స్వరపుస్తకములలో రెండింటికిని తరచుగా ‘ద’ అను ఒక్క అక్షరమే కానవచ్చును. ఏ సంచారమున ఏ ధైవతమో, దానికెంత కంపితమో ఆ అక్షరము చెప్పజాలదు. విద్యార్థి అడుగవలెను, విద్వాంసుడు పాడి చూపవలెను, వేరొక సంప్రదాయమువాడు తన పాఠాంతరమును వినిపింపవలెను. అప్పుడుగాని రాగస్వరూపము మనస్సున నిలువదు.

ఇట్టి ప్రశ్నోత్తరములవలన మన సంగీతము పొందిన మేలు గొప్పది. సుబ్బరామ దీక్షితులవారు 1904లో ఎట్టయపురమునుండి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెలుగున ప్రకటించిరి. గమకములకు ప్రత్యేకచిహ్నములు చూపి, కృతులను స్వరసహితముగా అందించిన ఉద్గ్రంథమది. వంశధనముగా కాపాడుకొనుచు వచ్చిన విద్యను ఆయన లోకమునకు వెల్లడించుటకు ముఖ్యప్రేరకుడు చిన్నస్వామి మొదలియారు. దక్షిణదేశపు కృతులను పాశ్చాత్య స్వరలిపిలో అచ్చువేయ పూనుకొన్న జిజ్ఞాసువు. అడుగువాడు లేనిచో చెప్పువాని విద్య యింటనే యుండిపోవును. ఆ 1904లోనే బొంబాయినుండి భాత్ఖండే పండితుడు దక్షిణయాత్ర చేయుచు ఎట్టయపురము వచ్చి, దీక్షితులవారితో శాస్త్రవిషయములు ముచ్చటించెను.

ఆయన పూనికతోనే 1916లో బరోడా నగరమున అఖిలభారత సంగీతసభ జరిగినది. తంజావూరునుండి వచ్చిన అబ్రహాం పండితులు శ్రుతులు ఇరువదిరెండు కావు, ఇరువదినాలుగని వాదించి, తన కుమార్తెలచే వీణపై ప్రదర్శింపజేసెను. ఆ వివాదము ఆ సభతో తీరలేదు. అయినను వాదమునకు వాద్యమే సాక్ష్యముగా నిలిచిన ఆ పద్ధతి ఆదర్శప్రాయము.

1927 డిసెంబరులో మదరాసు కాంగ్రెసు మహాసభలతోపాటు జరిగిన సంగీతసభ ఫలితముగా 1928లో మదరాసు మ్యూజిక్ అకాడమీ వెలసినది. సాయంకాలములు కచేరీలకు, ఉదయములు విద్వాంసుల చర్చలకు కేటాయించు ఆచారము అచట స్థిరపడినది. రాగలక్షణములపై నడచిన చర్చలకు 1930లో ఆరంభమైన అకాడమీ పత్రిక సాక్ష్యము. విజయనగరపు సంగీతకళాశాలకు అధ్యక్షులైన ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1941లో ఆ వార్షికసభలకు అగ్రాసనాధిపత్యము వహించుట తెలుగువారికి గర్వకారణము.

ఇట్టి సభలలో వెనుకవరుసను కూర్చున్న విద్యార్థికి కలుగు లాభము చెప్పదగినది. తన గురువు మరియొక విద్వాంసునితో విభేదించుటయు, ఆ పిమ్మట ఆయన పాటకు తల యూచుటయు అతడు చూచును. భేదాభిప్రాయము ద్వేషము కాదని అచటనే తెలిసికొనును.

నేడు విజయవాడలోని గురువు అమెరికాలోని తెలుగు బాలికకు సెల్‌ఫోనులో పాఠము చెప్పుచున్నాడు. ఒక్క కృతికి పది పాఠాంతరములు క్షణములో వినవచ్చును. ఇది సామాన్యమైన భాగ్యము కాదు. కాని ఆ పదింటిలో భేదమేల వచ్చినదో విప్పి చెప్పువాడు ప్రక్కన లేడు. వినుట ఎంత పెరిగినదో విచారించుట అంత పెరుగలేదు. తనకు నచ్చిన పాఠమును ఏరుకొనుటయే విద్యయని బాలిక భావించిన, తప్పు ఆమెది కాదు.

పుష్య బహుళ పంచమినాడు తెలుగుదేశపు పట్టణములెన్నింటనో త్యాగరాజ ఆరాధనలు జరుగుచున్నవి. గురువులును శిష్యులును ఒక్కచోట కూడి పంచరత్నములు పాడి, ప్రసాదము స్వీకరించి వెడలిపోవుదురు. ఆ మఱునాటి ఉదయము మూడు గంటలు గోష్ఠికి వినియోగించిన చాలును. ఒక్క రాగము తీసికొనుడు. ప్రశ్న శిష్యుడే వేయవలెను. సమాధానము పాడి చూపవలెను. తెలియని విషయమును తెలియదనుటకు గురువు సంకోచింపరాదు. దూరమునున్న శిష్యులను ఆ సెల్‌ఫోను ద్వారానే కూర్చుకొనవచ్చును. దీనికి ధనమక్కరలేదు, భవనమక్కరలేదు. ఒక తంబురయు, ఓర్మియు ఉన్న చాలును.