చేటలోని మూడో కుప్ప

మా సంఘంలో ఒక పెద్దాయన ఉండేవాడు. పదెకరాల మెట్ట భూమి, నాలుగు గొడ్లు. బీడీ ఎరుగడు, సారా ఎరుగడు. కుడి డొక్కలో నొప్పి అని ఆసుపత్రికి వెళ్తే కాలేయములో క్యాన్సరు గడ్డ అన్నారు. ఐదు నెలలు తిరగకముందే ఆయనను మట్టి చేశాము. తరువాత పరామర్శకు వెళ్లినప్పుడు ఆయన భార్య చేటలో చెనిక్కాయ గింజలు ఏరుతూ నన్ను అడిగింది: "అయ్యగారూ, ఆయన తాగినోడు కాదు, తిరిగినోడు కాదు. ఈ జబ్బు యాడ నుంచి వచ్చె? ఇది ఎవరి పాపము?"

"ఎవరి పాపమూ కాదక్కా" అన్నాను. కాని నా చూపు ఆ చేట మీదనే నిలిచింది. అందులో మూడు కుప్పలు ఉన్నాయి. నిండు గింజలు విత్తనానికి. మధ్యరకం మండీకి. ముడతలు పడినవి, నల్లబడినవి, పచ్చబూజు తగిలినవి ఇంటికి: ఊరిబిండికీ, గొడ్ల దాణాకూ. ఆయన జబ్బుకు ఆ కుప్పే కారణమని నేను అనను, ఏ డాక్టరూ అలా తేల్చి చెప్పలేదు. అయినా ఆ మూడో కుప్ప గురించి మన కుటుంబాలు తెలుసుకోవలసినది చాలా ఉంది.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చచ్చిపోయాయి. వెదికితే, వాటికి పెట్టిన చెనిక్కాయ పిండిలో ఒక బూజు విషము బయటపడింది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు నుంచి వచ్చింది గనుక దానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. ఈ బూజుకు మన అనంతపురం నేల అనుకూలము. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వానతో బ్రతికే సీమ మనది. పంట చివరి 3 నుంచి 6 వారాలలో వాన ముఖం చాటేస్తే, వేడెక్కిన మట్టిలో బూజును ఎదిరించే శక్తి కాయకు తగ్గిపోతుంది. పురుగు తొలిచిన చోట, కాయ పగిలిన చోట బూజు లోపలికి దూరుతుంది.

ఇక ఈ విషము మనిషిలో ఏమి చేస్తుందో చూద్దాము. మన శరీరములో ఏ కణమూ తనకు తోచినట్లు పెరగదు. "పెరుగు" అనే కబురు బయటనుంచి కణము వాకిటికి వస్తుంది. అక్కడున్న ప్రోటీను దానిని అందుకొని లోపలి ప్రోటీనుకు, అది మరొకదానికి అందిస్తుంది. బావి దగ్గర వరుసగా నిలబడి బిందెలు అందించినట్లు ఆ కబురు కణ కేంద్రానికి చేరుతుంది. దీనినే సంకేత మార్గము అంటారు. రాస్, రాఫ్ అనేవి ఆ వరుసలో నిలబడిన రెండు ప్రోటీన్లు. పని ముగియగానే కబురు ఆగిపోవాలి. ఆగకపోతే, స్టార్టరు అతుక్కుపోయిన బోరు మోటారువలె కణము విభజన చెందుతూనే ఉంటుంది. అదే క్యాన్సరు.

దీనిని అడ్డుకొనడానికి కణములో ఒక కావలివాడు ఉన్నాడు. పేరు పి53. 1979లో దీనిని కనుగొన్నారు. కణములోని డీఎన్ఏ దెబ్బతింటే పి53 విభజనను ఆపుతుంది, బాగుచేసే అవకాశమిస్తుంది. బాగుకాకపోతే ఆ కణము చనిపోయేలా చేస్తుంది, లేదా ఇక ఎన్నటికీ విభజన చెందకుండా నిలిపివేస్తుంది. అఫ్లాటాక్సిన్ కాలేయములో మారిపోయి డీఎన్ఏకు అతుక్కుంటుంది, ఈ కావలివాని జన్యువునే దెబ్బతీస్తుంది. చైనాలోని చిడాంగ్ ప్రాంతములోను, దక్షిణ ఆఫ్రికా ప్రాంతములోను రోగుల గడ్డలలో ఆ జన్యువు ఒకే చోట, 249వ స్థానములో, చెడిపోయి ఉన్నదని 1991లో రెండు బృందాలు చూపించాయి.

ముసలితనానికీ ఈ కావలివానికీ కూడా సంబంధముంది. అలా నిలిపివేసిన కణాలు వయసుతోపాటు శరీరములో పోగుపడతాయి. అవి ఊరకే ఉండక, చుట్టూ వాపు పుట్టించే సంకేతాలు పంపుతాయి. ముదిమికి అదీ ఒక కారణము. యౌవనములో క్యాన్సరునుండి కాపాడిన ఏర్పాటే వృద్ధాప్యములో కొంత భారమవుతుంది.

హెపటైటిస్ బి వైరసు తోడైతే అపాయము మరీ ఎక్కువ. షాంఘైలో 18,000 మందికి పైగా పురుషులను పరిశీలించి 1994లో ఫలితాలు ప్రకటించారు. అఫ్లాటాక్సిన్ ఒక్కటే ఉన్నవారికి కాలేయ క్యాన్సరు ముప్పు సుమారు 3 రెట్లు, వైరసు ఒక్కటే ఉన్నవారికి 7 రెట్లు, రెండూ ఉన్నవారికి దాదాపు 60 రెట్లు!

మందు లేదా అని అడుగుతారు. ఉంది. రాఫ్ దగ్గర కబురును అడ్డుకొనే సొరాఫెనిబ్, గడ్డకు కొత్త రక్తనాళాలు పెరిగే సంకేతాన్ని కూడా ఆపుతుంది. 2007లో అమెరికాలో కాలేయ క్యాన్సరుకు అనుమతి పొందింది. అప్పట్లో మన దేశములో దాని ఖర్చు నెలకు సుమారు 2,80,000 రూపాయలు. 2012 మార్చిలో హైదరాబాదులోని నాట్కో కంపెనీకి, పేటెంటు ఉన్నా, తయారు చేసే లైసెన్సును ప్రభుత్వ పేటెంటు అధికారి ఇచ్చారు. నెల మందును 8,880 రూపాయలకు మించి అమ్మకూడదని షరతు పెట్టారు. దేశములో అటువంటి లైసెన్సు అదే మొదటిది. అది పేదలకు గొప్ప మేలే. అయితే ముదిరిన కాలేయ క్యాన్సరులో ఆ మందు సగటున ఇచ్చిన అదనపు ఆయుష్షు మూడు నెలలు మాత్రమే. అందుచేత జబ్బు రాకుండా చూసుకొనడమే మనకు మిగిలిన మంచి మార్గము.

ఏమి చేయాలి? పెరికిన కట్టెను కాయలు పైకి ఉండేటట్లు తిప్పి ఎండబెట్టండి. కాయ ఊపితే లోపల గింజ గలగలలాడాలి. వామి తడవనీయకండి. వలిచేముందు కాయల మీద నీళ్లు చల్లే అలవాటు మానండి, బూజుకు అదే విందు. వానల తరువాత భూమిలోనుంచి ఏరుకొన్న కాయలలో విషము ఎక్కువగా ఉండవచ్చు. వేయించినా, ఉడికించినా ఈ విషము పూర్తిగా పోదు. బూజు గింజల చెక్కను ఆవుకు పెడితే ఆ విషములో కొంత పాలలోకి వస్తుంది, ఆ పాలు తాగేది మన బిడ్డలే. పుట్టిన బిడ్డకు 24 గంటలలోపు హెపటైటిస్ బి టీకా తప్పక వేయించండి. సర్కారు ఆసుపత్రిలో అది ఉచితము.

ఇదంతా చెప్పినప్పుడు ఆ అక్క అన్న మాట నేను మరువలేను. "పారేయమంటే ఎట్లయ్యగారూ? వానలేక పండిందే గుప్పెడు." ఆమె మాటలో న్యాయముంది. కరువులో గింజ పారేయడానికి చేయి రాదు. అయినా లెక్క వేసి చూడండి. ఆ మూడో కుప్ప ఒక ఏటికి రెండు మూడు సేర్లు. ఆసుపత్రి ఖర్చుకు అమ్ముకొన్నది రెండెకరాల భూమి.

మంచి గింజ మండీకి, చెడ్డ గింజ బిడ్డకు అనే పద్ధతి మన ఇండ్లలో ఈ పంటతోనే మానుదాము. మూడో కుప్పను పొయ్యిలో వేయండి.