సీసా ధర చూడాలా, మోకాలు చూడాలా?



పెంకుటిళ్లలో పెరిగినవాళ్లకు ఈ సంగతి తెలుసు. ఎండాకాలంలో పెంకులు సర్దిస్తే కూలి దండగ అనిపిస్తుంది. సర్దించకపోతే వానాకాలంలో ఇల్లంతా గిన్నెలు పెట్టుకు కూర్చోవాలి. చివరికి దూలమే పుచ్చిపోతుంది. ఇవాళ నేను చెప్పబోయే జబ్బులో ఖర్చుల లెక్క కూడా అచ్చం ఇలాంటిదే.

మా పక్కింటి అబ్బాయికి పదేళ్లు. పాకే వయసులో ఎక్కడ తగిలినా ఒళ్లు నల్లగా కమిలిపోయేది. ఒకసారి పెదవి కొరుక్కుంటే రెండు రోజులు రక్తం ఆగలేదు. పరీక్షలు చేసి హిమోఫీలియా అన్నారు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన 8వ నంబరు ఫ్యాక్టర్ వాడి ఒంట్లో దాదాపు లేదట. సుమారు 5,000 మంది మగపిల్లల్లో ఒకరికి ఇలా ఉంటుంది. "మీ పుట్టింటినుంచి తెచ్చావు" అని అత్తగారు ఆ తల్లిని ఎత్తిపొడిచేవారు. ఇది తల్లి ద్వారా రావచ్చు, నిజమే. కాని ఇంచుమించు ముగ్గురిలో ఒకరి వంశంలో అంతకు ముందు ఈ జబ్బు జాడే ఉండదు. ఇందులో ఎవరి తప్పూ లేదు.

పైకి కనబడే గాయం కన్నా లోపలి రక్తస్రావంతోనే ఎక్కువ ప్రమాదం. మోకాలు, మోచెయ్యి, చీలమండ కీళ్లలోకి రక్తం కారుతుంది. మళ్లీ మళ్లీ కారితే కీలు లోపలి మెత్తని పొర దెబ్బతిని కాలు బిగుసుకుపోతుంది.

దీనికి ఫ్యాక్టర్ మందు నరంలోకి ఎక్కిస్తారు. రక్తం కారినప్పుడే ఎక్కించడం ఒక పద్ధతి. కారకముందే వారానికి రెండు మూడుసార్లు ఎక్కించడం రెండోది. ఈ రెండో పద్ధతిని 1958లో స్వీడన్‌లోని మాల్మో నగరంలో ఇంగా మేరీ నిల్సన్ అనే డాక్టరమ్మ మొదలుపెట్టారు.

"రక్తం కారనప్పుడు మందెందుకు, డబ్బు దండగ!" అన్నారు పక్కింటాయన. ఆ మాటనూ కొట్టిపారెయ్యలేం. 2007లో అమెరికాలో పసిపిల్లల మీద చేసిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. ముందునుంచే మందు తీసుకున్నవాళ్లలో నూటికి 93 మందికి ఆరేళ్ల వయసులో కీళ్లు బాగున్నాయి. రక్తం కారినప్పుడే తీసుకున్నవాళ్లలో 55 మందికే బాగున్నాయి. అయితే మొదటివాళ్లకు మందు రెండింతలకు పైగా పట్టింది.

మరి ఇది లాభమా, నష్టమా? ఇలాంటి లెక్కలు కట్టే నిపుణులు ఏ మందు చవక అని మాత్రమే అడగరు. అదనంగా పెట్టిన డబ్బుకు మంచి ఆరోగ్యం ఎన్నేళ్లు దక్కిందని అడుగుతారు. హాయిగా గడిచిన ఏడాదిని ఒకటిగా లెక్కవేస్తారు. నొప్పితో మంచంలో గడిచిన ఏడాది ఒకటికి తక్కువే.

అంత మందు కొనలేని మనలాంటి దేశాలకు మధ్యేమార్గం ఉంది. కిలో బరువుకు 10 యూనిట్ల చొప్పున వారానికి రెండుసార్లు ఇస్తారు. 20 కిలోల పిల్లవాడికి 200 యూనిట్లు, అంటే ఒక చిన్న సీసా చాలు. ఏడాదికి 104 సీసాలు. ఇది పుస్తకంలో ఎడమవైపు రాయండి. కుడివైపు బడికి పోని రోజులు, తండ్రి జీతం నష్టం, ఆటో ఖర్చులు, ఊతకర్రలు, కీలు ఆపరేషన్ రాయండి. ఆ ఆపరేషన్‌కు మళ్లీ ఎన్నో సీసాలు కావాలి! అప్పుడు రెండు వైపులా కూడి చూడండి.

మన దేశంలో చాలా రాష్ట్రాల్లో కొన్ని ప్రభుత్వ ఆస్పత్రులు ఈ మందును ఉచితంగా ఇస్తున్నాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో హిమోఫీలియాను కూడా చేర్చారు. అడగడానికి మొహమాటపడకండి. ఒక్క జాగ్రత్త: ఈ పిల్లలకు జ్వరమొచ్చినా, నొప్పి వచ్చినా ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

పక్కింటి అబ్బాయికి నిరుడు వారానికి రెండు సీసాలు మొదలుపెట్టారు. అప్పటికే బిగుసుకుపోయిన కుడి మోకాలు పూర్తిగా చాపలేడు. ఎడమ మోకాలు మాత్రం బాగానే ఉంది. నిన్న మా మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కి వచ్చి, పేరంటం పిలుపు చెప్పి వెళ్లాడు.